సెమ్ చిత్రాల్లో వెలుగు తేడాలు: ఫిజీ ఎంతవరకు సరిచేస్తుంది?

స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ (సెమ్) వంటి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో తీసిన చిత్రం ఒక అంచున తెల్లగా ఉండి రెండో అంచుకు పోయేకొద్దీ మసకబారుతుంటే, దాన్ని సరిచేయడానికి ప్రయోగశాలల్లో తరచుగా వాడే సాఫ్ట్‌వేర్ ఫిజీ. ఇమేజ్‌జే అనే చిత్ర విశ్లేషణ ప్రోగ్రామ్ ఆధారంగా తయారైన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఇక్కడ ఆ ఒక్క పని వరకే సమీక్షిస్తున్నాను.

ఇందులో ముఖ్యమైనది ‘సబ్‌ట్రాక్ట్ బ్యాక్‌గ్రౌండ్’ (నేపథ్యాన్ని తీసివేయడం) అనే ఆదేశం. చిత్రంలోని వెలుగు విలువలను ఎత్తుపల్లాలున్న నేలగా తీసుకుని, దాని అడుగున ఒక బంతిని దొర్లించినట్టు లెక్కగట్టి, బంతి చేరగలిగిన ఎత్తు వరకు నేపథ్యంగా తీసేస్తుంది. బంతి వ్యాసార్ధం ముందుగా 50 పిక్సెళ్లకు అమర్చి ఉంటుంది కాబట్టి, తొందరలో ఉన్నవారు దాన్ని అలాగే వదిలేస్తారు. మందార పుప్పొడి రేణువు 400 పిక్సెళ్ల వెడల్పున ఉన్న చిత్రానికి అలా చేస్తే, గుండ్రని రేణువు చాలావరకు నేపథ్యంలో కొట్టుకుపోయి ముళ్లు మాత్రమే మిగులుతాయి. వ్యాసార్ధం కనీసం రేణువు వ్యాసార్ధమంత, అంటే 200 అయినా ఉండాలి. ‘క్రియేట్ బ్యాక్‌గ్రౌండ్’ గడిలో టిక్ పెడితే ఏం తీసేయబోతోందో ముందే కనబడుతుంది. అందులో రేణువు ఆకారం తెలుస్తోందంటే వ్యాసార్ధం చాలలేదన్నమాట. నా దృష్టిలో ఈ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికన్నా విలువైన గడి ఇదే.

టెమ్ (పలుచని నమూనా గుండా ఎలక్ట్రాన్లను పంపే ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) చిత్రాల్లో కిరణపుంజం మధ్యలో లేక ఏర్పడిన తేడాకు తీసివేత కన్నా భాగహారమే సరైనది. చిత్రం నకలుకు పెద్ద సిగ్మాతో (మసక ఎంత దూరం పరచుకోవాలో చెప్పే విలువ) గాసియన్ బ్లర్ ఇచ్చి, ఇమేజ్ కాల్‌క్యులేటర్‌లో అసలు చిత్రాన్ని దానితో 32 బిట్లలో భాగించాలి. అయితే కింద స్కేల్ బార్ ఉన్న పట్టీని ముందే కత్తిరించకపోతే, ఆ తెల్లని అక్షరాల ప్రభావం పక్కనున్న భాగానికీ పాకుతుంది. చిత్రంలో ఏ భాగానికి ఆ భాగంగా వెలుగునీడల తేడాను పెంచే ‘క్లాహే’తో చిత్రం కళ్లకు ఇంపుగా మారుతుంది గానీ, రెండు చిత్రాల వెలుగును పోల్చవలసిన చోట అది పనికిరాదు.

తేడా ఎందుకు వచ్చిందో మాత్రం ఫిజీ చెప్పలేదు. సెమ్‌లో నమూనా నుంచి వెలువడే ఎలక్ట్రాన్లను పట్టే సెకండరీ ఎలక్ట్రాన్ డిటెక్టర్ సాధారణంగా ఒక పక్కనే ఉంటుంది కనుక, దానికి ఎదురుగా ఉన్న ముఖం తెల్లగా కనబడడం సహజమే. స్టేజీని 90 డిగ్రీలు తిప్పినప్పుడు మసక కూడా నమూనాతోపాటే తిరిగితే, నమూనా వాలునో దానిమీద వేసిన వాహక పూతనో అనుమానించాలి. ఉన్నచోటే నిలిచిపోతే డిటెక్టర్‌నో కాలమ్ అలైన్‌మెంట్‌నో (ఎలక్ట్రాన్ కిరణం వచ్చే గొట్టంలోని అమరికనో) చూడాలి. పూత చాలక ఛార్జింగ్ వల్ల (నమూనాపై విద్యుదావేశం పేరుకోవడం వల్ల) తెల్లబారి, గరిష్ఠ విలువకు చేరిపోయిన పిక్సెళ్లలో పోయిన వివరాన్ని ఏ బంతీ వెనక్కి తేలేదు. అలాంటి చిత్రాన్ని తక్కువ వోల్టేజీతో మళ్లీ తీసుకోవడమే మేలు.