పెండిల్‌బరీ ఆట కోసం కట్టిన చందా: అనంతపురం నుంచి ఒక సమీక్ష

ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానంలో పిల్లల సాకర్ చూస్తూ పెరిగిన నేను, చేతులతోనూ కాళ్లతోనూ ఆడే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌ను ప్రత్యక్షంగా చూపే ఒక ఇంటర్నెట్ సేవకు చందా కట్టడానికి కారణం ఒక్కడే: మెల్‌బోర్న్ జట్టు కాలింగ్‌వుడ్ మిడ్‌ఫీల్డర్ స్కాట్ పెండిల్‌బరీ. 1988లో పుట్టి, 2006లో అరంగేట్రం చేసి, 2010లో సమమై మళ్లీ ఆడించిన గ్రాండ్ ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ పతకం గెలిచి, 2023లో రెండో ప్రీమియర్‌షిప్ (లీగ్ టైటిల్) అందుకుని, 2024లో 400వ మ్యాచ్ ఆడిన ఆటగాడు ఇంకా తన ఉత్తమ స్థాయిలోనే ఉన్నాడా అన్నది కళ్లారా చూసి తేల్చుకోవాలనిపించింది.

మెల్‌బోర్న్‌లో మధ్యాహ్నం మొదలయ్యే ఆట, అక్కడి చలికాలంలో మనకంటే నాలుగున్నర గంటలు ముందుండటం వల్ల, ఇక్కడ ఉగ్గాని తినే వేళకే వస్తుంది. దృశ్యం ఎంత స్పష్టంగా ఉంటుందంటే, చుట్టూ నలుగురు మీద పడుతున్నా అతను అర క్షణం ఆగి, ఎదుటివాడిని ముందుకు దాటనిచ్చి, అరచేతిలోని బంతిని పిడికిలితో కొట్టి సహచరుడికి అందించే తీరు పూర్తిగా కనిపిస్తుంది. చిన్నప్పుడు అతను బాస్కెట్‌బాల్ ఆడిన అలవాటు ఆ నిదానంలో నిలిచి ఉందని నేను గట్టిగా నమ్ముతాను. పరుగులో మునుపటి వేగం లేదు. అయితే నిర్ణయంలో, ఎడమకాలి తన్నులో తరుగు కనిపించలేదు. కాళ్లను బట్టి చూస్తే అతని ఉత్తమ కాలం గడిచింది, బుర్రను బట్టి చూస్తే గడవలేదు.

సేవలో నాకు నచ్చనిది ఒక్కటే: చివరి క్వార్టర్‌లో చిత్రం రెండుసార్లు ఆగిపోయింది. అయినా వచ్చే సీజన్‌కు కూడా చందా కడతాను.