జ్ఞానాపురంలో స్వరూపాల షాపు: ఏ అంతోనివారో అడిగి మరీ ఇస్తారు

జూన్ 13 పండగకి అమ్మకి పునీత అంతోనివారి స్వరూపం (విగ్రహం) కొందామని విశాఖపట్నం జ్ఞానాపురంలో పెద్ద గుడి (చర్చి) దగ్గర సందులో ఉన్న చిన్న షాపుకి వెళ్ళాను. ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు బయటే ఆగాలి, అంత ఇరుకు. ఫ్యాన్ కూడా సరిగ్గా తిరగదు. అయినా ఇకపై నేను వేరే చోట కొనను.

ఎందుకంటే పోయినేడాది ఆన్‌లైన్‌లో తెప్పించిన స్వరూపం పాదువాపురి అంతోనివారిదే గానీ, పెట్టెలో పెట్టిన కాగితం మీద కథ ఈజిప్టు అంతోనివారిది. అమ్మ ఆ కాగితాన్ని బైబిల్లో పెట్టుకుని అంతోనివారికి మొక్కుకునే రోజని మంగళవారం మంగళవారం చదువుకుంది. ఇద్దరికీ మధ్య దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ తేడా ఉందని తెలిశాక నాకు చాలా బాధేసింది, అమ్మకి మాత్రం చెప్పలేదు.

ఇక్కడ ఆంటీ మొదటి మాటే, "ఏ అంతోనివారు నాన్నా, జనవరి వారా, జూన్ వారా?" రెండూ తీసి గల్లా మీద పక్కపక్కన పెట్టింది. తెల్లగడ్డం, ఇంగ్లీషు T ఆకారం చేతికర్ర, కాళ్ళ దగ్గర పంది ఉంటే జనవరి 17 పండగ ఆయన. గోధుమరంగు అంగీ, నడుముకి తాడు, చేతిలో లిల్లీ పూలు, బాల యేసు ఉంటే మన పాదువా ఆయన. కాగితం సంగతి చెప్పి బాధపడితే ఆంటీ నన్ను కూర్చోబెట్టి ఒక విషయం చెప్పింది, ఇంటికొచ్చి పుస్తకాల్లో చూసుకుంటే అంతా నిజమే.

ఈజిప్టు అంతోనివారు కుర్రతనంలో గుడిలో "నీ ఆస్తి అమ్మి పేదలకివ్వు" అన్న సువార్త వాక్యం విని ఉన్నదంతా వదిలేసి ఎడారికి వెళ్ళిపోయారు, 356లో, నూట ఐదేళ్ళ వయసులో చనిపోయారంటారు. ఆయన జీవితాన్ని అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియుస్ రాశారు. తర్వాత పెద్ద క్రైస్తవ గురువైన అగస్టీను 386లో మిలాన్‌లో, మనసు తేల్చుకోలేక నలిగిపోతున్న రోజుల్లో, ఈ అంతోనివారి గురించి ఒక స్నేహితుడి నోట విని కదిలిపోయారు. ఆ అగస్టీనుగారి నియమావళి పాటించే మఠంలోనే ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత లిస్బన్ కుర్రాడు ఫెర్నాండో చేరాడు. మొరాకోలో వేదసాక్షులైన (విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన) ఐదుగురు ఫ్రాన్సిస్ సభ సోదరుల దేహాలు అతనుంటున్న పోర్చుగల్ ఊరు కోయింబ్రాకి వచ్చినప్పుడు అతని మనసు అటు లాగింది, 1220లో వాళ్ళ సభలోకి మారిపోయాడు. వాళ్ళుండే చిన్న ఆశ్రమం ఈజిప్టు అంతోనివారి పేరు మీదుంది, ఆ పేరే తను పెట్టుకున్నాడు, అతనే మన పాదువా అంతోనివారు.

అంటే అమ్మ ఏడాదిగా చదివింది, తను మొక్కుకునే పునీతుడు ఎవరి పేరు పెట్టుకున్నాడో ఆయన కథ. నాకు గుండె తేలికపడింది.

ఇక వస్తువు సంగతి. అడుగు ఎత్తు స్వరూపం 850 రూపాయలు, బేరం లేదు. మొదట ఇచ్చినదానికి కళ్ళ దగ్గర రంగు చెదిరింది, అడిగితే విసుక్కోకుండా ఇంకోటి తీసిచ్చారు. ప్యాకింగ్ మాత్రం బాగోలేదు, న్యూస్‌పేపరు చుట్టి దారం కట్టారంతే. గాజువాక దాకా బండి మీద లారీల మధ్య తీసుకెళ్తే లిల్లీ పువ్వు కొన విరిగింది, ఫెవిక్విక్‌తో అతికించాను. పాత దుప్పటి ఒకటి తీసుకెళ్ళండి. పాదువా అంతోనివారి 30 రూపాయల జీవితచరిత్ర పుస్తకంలో చనిపోయిన ఏడాది 1321 అని అచ్చయింది. అసలు 1231. నేను చూపించేలోపే ఆంటీ పెన్నుతో దిద్ది ఇచ్చింది, షెల్ఫులో ఉన్న కాపీలన్నీ అలాగే దిద్ది ఉన్నాయి. పునీత పెర్పెతువమ్మ గురించి తెలుగులో ఏమైనా ఉందా అని అడిగాను, 203లో కార్తేజ్ జైల్లో కూర్చుని తన సంగతి తనే రాసుకున్న పసిబిడ్డ తల్లి ఆవిడ. లేదంది, తెప్పిస్తానని నా నంబరు రాసుకుంది.

మంగళవారం సాయంత్రం రద్దీ ఎక్కువ, తీరిగ్గా మాట్లాడాలంటే గురువారం ఉదయం వెళ్ళండి. ఫోన్‌పే ఉంది. అమ్మ రెండు కథలూ ఇప్పుడు ఒకేచోట, బైబిల్లోనే పెట్టుకుంది.