నాలుగేళ్ల వైఫై తర్వాత నా బల్ల మీదికి వైరు ఎందుకొచ్చింది

విజయవాడ మొగల్రాజపురంలో మా ఫ్లాటు రెండో అంతస్తు. రూటరు హాల్లో టీవీ పక్కన, నా బల్ల చివరి గదిలో. మధ్యలో రెండు గోడలు, ఒక ఇనప బీరువా. 2021లో కొన్న ల్యాప్‌టాప్‌కి ల్యాన్ పోర్టే (నెట్ వైరు గుచ్చే చోటు) లేదు. వైఫై 6 ఉంది, 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది, ఇంకా వైర్లతో పనేంటనుకున్నాను.

పగలు నిజంగానే లోటు లేదు. చిక్కంతా సాయంత్రం ఏడు దాటాకే. అమెరికా క్లయింటుకి తెల్లారేది, మా అపార్ట్‌మెంట్‌లో అందరూ ఇల్లు చేరేదీ అప్పుడే. ఫోన్లో చూస్తే చుట్టూ ఇరవై రెండు రూటర్లు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఒకదానిమీద ఒకటి పడని ఛానెళ్లు మూడే: 1, 6, 11. మూడు కుళాయిల దగ్గర ఇరవై రెండు బిందెలు! 5 గిగాహెర్ట్జ్‌కి మారిస్తే రద్దీ తగ్గింది గానీ, రెండో గోడ దాటేసరికి సిగ్నలు నీరసించేది.

బాధ స్పీడుతో కాదు, నిలకడతో. రూటరుకి పింగ్ కొడితే, అంటే చిన్న సందేశం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం చూస్తే, ఒకసారి 4 మిల్లీసెకండ్లు, మరుక్షణం 180. సినిమా కొంత ముందే దింపుకుంటుంది కాబట్టి దానికి తెలియదు. మాటకి ఆ వెసులుబాటు లేదు. ఒక రాత్రి కాల్‌లో నేను "డోంట్ డిప్లాయ్" (కొత్త కోడ్ ఇప్పుడే సర్వర్లో పెట్టొద్దు) అంటే అవతల "డిప్లాయ్" ఒక్కటే వినబడింది. తెల్లారేదాకా అంతా వెనక్కి తిప్పుతూనే కూర్చున్నాం.

వైరు లాగడానికి వచ్చిన కుర్రాడు "వైఫై ఉండగా ఇదెందుకండీ, గోడ పాడైపోద్ది" అన్నాడు. సంగతి చెప్పాక, బిల్డరు ల్యాండ్‌లైన్ కోసం వదిలేసిన పాత పైపు తనే వెతికి పట్టాడు. కరెంటు వైర్ల పైపులోంచి మాత్రం లాగనన్నాడు, అది మంచి మాట. క్యాట్ 6 వైరు పద్దెనిమిది మీటర్లు పట్టింది. కొనేటప్పుడు కొస బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనబడితే అది రాగి పూసిన అల్యూమినియం, తీసుకోవద్దు. ల్యాప్‌టాప్‌లో పోర్టు లేదు కాబట్టి యూఎస్‌బీకి తగిలించే ల్యాన్ అడాప్టరు కావాలి. దాని విషయంలో నేను పొరపాటు చేశాను. చవగ్గా వచ్చిందని 100 ఎంబీపీఎస్ దాటని 10/100ది తెచ్చాను. ప్లాను 300కి పెంచినా 94 దగ్గరే ఆగిపోయింది. 1000 ఎంబీపీఎస్ దాకా పోయే గిగాబిట్‌ది కొన్నాకే కదిలింది.

ఇప్పుడు రూటరుకి పింగ్ ఒక మిల్లీసెకండ్ లోపే. ఏడాదిగా ఒక్క కాల్ తెగలేదు. వైఫైలో ఒకరు మాట్లాడుతుంటే ఆ ఛానెల్‌లో మిగతావాళ్లు ఆగాలి. వైరులో రానూపోనూ ఒకేసారి నడుస్తాయి.

ఇబ్బందులూ ఉన్నాయి. మే నెలలో అడాప్టరు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. ఏసీ ఉన్న గదిలోకి మారితే వైఫైయే దిక్కు. మెయిళ్లు, చదువుకోవడం, బ్యాంకు పనులు అయితే అదే చాలు. మా ఆవిడ ల్యాప్‌టాప్ ఇన్నేళ్లూ వైఫై మీదే ఉంది, ఒక్కసారీ ఇబ్బంది పడలేదు. పల్చటి ల్యాప్‌టాప్‌లకి ల్యాన్ పోర్టు మళ్లీ వస్తుందని నేను అనుకోను. 2008లో మ్యాక్‌బుక్ ఎయిర్ దాన్ని వదిలేసింది, తర్వాత చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. కానీ మాట మీద బతికే పనికి మాత్రం వైరు ఉండాల్సిందే.

గుంటూరు కొరిటెపాడులో మా బావమరిది ఇల్లు కడుతున్నాడు. ప్లాస్టరింగ్ కాకముందే గదిగదికీ ల్యాన్‌కి విడిగా పైపు వేయించమని పట్టుబట్టాను. మొన్న ఆదివారానికి రెండు గదులు పూర్తయ్యాయి.