డబ్బా దొరికితే సరిపోదు: బెంగళూరులో కొన్నేళ్లు జియోక్యాషింగ్ ఆడాక

ముందే చెప్పేస్తాను. శనివారం పొద్దున్నే లేచి, ట్రాఫిక్ మొదలవకముందే ఏ పార్కుకో గుట్టకో వెళ్లడానికి ఒక సాకు కావాలంటే జియోక్యాషింగ్‌ని మించింది లేదు. వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి చేతికి దొరకాల్సిందే అనుకునే మనిషైతే మాత్రం బెంగళూరులో మొదలుపెట్టకండి, రెండో నెలకే విసుగొస్తుంది. నేను కొన్నేళ్లుగా ఆడుతున్నాను, ఎక్కువగా మా అమ్మాయితో, అప్పుడప్పుడు ఒక్కణ్ణే. డబ్బాలు తక్కువగా ఉన్న ఊళ్లో ఈ ఆట నిలబడాలంటే ఆడేవాళ్ల మర్యాదే దిక్కు. అందుకని ఈ సమీక్షలో యాప్ గురించి తక్కువ, మనుషుల గురించి ఎక్కువ ఉంటుంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒకరు ఎక్కడో ఒక డబ్బా దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు, అంటే కోఆర్డినేట్లు, జియోక్యాషింగ్ సైట్లో పెడతారు. మిగతావాళ్లు జీపీఎస్ చూసుకుంటూ వెళ్లి వెతుకుతారు. దొరికితే లోపలున్న కాగితం మీద పేరు, తేదీ రాసి, డబ్బాని ఎలా ఉన్నది అలాగే పెట్టేసి, ఇంటికొచ్చాక సైట్లో లాగ్, అంటే వెతికిన సంగతి నాలుగు ముక్కల్లో, రాస్తారు. అంతే ఆట. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం మామూలు జనానికిచ్చే జీపీఎస్ సిగ్నల్లో కావాలని కలుపుతూ వచ్చిన తేడాను ఆపేసింది. అప్పటిదాకా వంద మీటర్లు అటూ ఇటూ చూపించిన పరికరాలు రాత్రికి రాత్రి దారికొచ్చాయి. ఆ వెంటనే, మే 3న, ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక బకెట్లో పుస్తకాలు, వీడియోల్లాంటివి కొన్ని పెట్టి అడవిలో దాచి, అదెక్కడుందో ఇంటర్నెట్లో రాశాడు. అందులో ఒక చిక్కుళ్ల డబ్బా కూడా ఉండేది. ఇప్పుడు తిండి వస్తువులు పెట్టడం నిషేధం. ఎందుకో మన ఊరి చీమలు అరగంటలో చెప్పేస్తాయి.

దీనికోసం ప్రత్యేకంగా జీపీఎస్ పరికరం కొనక్కర్లేదు, ఫోన్ చాలు. కోఆర్డినేట్లను డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వెయ్యోవంతు దాకా ఇస్తారు. అక్షాంశంలో ఆ చివరి అంకె ఒకటి మారితే నేల మీద సుమారు 1.85 మీటర్ల తేడా. ఆకాశం బాగా కనిపించే చోట ఫోన్ మిమ్మల్ని అయిదు మీటర్ల దగ్గరికి తీసుకెళ్తుంది. కబ్బన్ పార్కులో పెద్ద చెట్ల కిందికో, ఎంజీ రోడ్డు మేడల మధ్యకో వచ్చేసరికి బాణం ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది. అప్పుడు ఫోన్ జేబులో పెట్టేసి చుట్టూ చూడటం మొదలుపెట్టాలి. నేనే దాచేవాణ్ణయితే ఎక్కడ పెడతాను? పక్కవాటితో కలవని రాయి ఏది? పుల్లలు మరీ వరసగా పేర్చినట్టు ఎక్కడున్నాయి? నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. ఫోన్ చేతులెత్తేశాక మిగిలే ఆ పది నిమిషాలు.

ఇక డబ్బాలు. ఊరి మధ్యలో పెద్దవి పెట్టడం కుదరదు కాబట్టి ఎక్కువగా చిన్నవే. ఏదో ఇనుప కమ్మీ వెనక అయస్కాంతంతో అతుక్కుని ఉంటుంది, చిటికెన వేలి చివరంత లోహపు డబ్బీ. దాన్ని నానో అంటారు. మూత తిప్పితే లోపల బిగుతుగా చుట్టిన కాగితం, వెడల్పు సెంటీమీటరు కూడా ఉండదు. తేదీ, పేరులో రెండక్షరాలు రాసేసరికి చోటైపోతుంది. అసలు కష్టం దాన్ని మళ్లీ చుట్టడం. వదులుగా చుడితే లోపలికి పోదు. తోసేసి మూత బిగిస్తే కాగితం అంచు మరలో పడి నలుగుతుంది, మూత సరిగ్గా కూర్చోదు, మొదటి వానకే లోపల తడి చేరుతుంది. తర్వాత వచ్చినవాడికి సిరా అలుక్కుపోయిన ముద్ద మిగులుతుంది. మా అమ్మాయి ఒక టూత్‌పిక్ తీసుకుని, దాని చుట్టూ కాగితం గట్టిగా చుట్టి, డబ్బీలో దింపాక పుల్ల లాగేస్తుంది. రెండు నిమిషాల ఓపిక, అంతే. ఆ ఓపిక లేనివాళ్లు ఎంతమంది వచ్చి వెళ్లారో డబ్బీ తెరవగానే తెలిసిపోతుంది.

మరో మాట, వేళ్లు పెట్టేముందు కర్ర పెట్టండి. రాళ్ల సందుల్లో తేళ్లుంటాయి, పాములుంటాయి. చెట్టు తొర్ర దగ్గర తేనెటీగల చప్పుడు వినిపిస్తే ఆ రోజుకి ఆట ముగిసినట్టే.

ఈ ఆట తెలియనివాళ్లను మగుల్స్ అంటారు. వాళ్ల కంట పడకుండా వెతకాలని విదేశాల వాళ్లు రాసిన సలహాలన్నీ చెబుతాయి. షూ లేసు కట్టుకుంటున్నట్టు వంగండి, ఫోన్లో మాట్లాడుతున్నట్టు నటించండి అని. బెంగళూరులో మనిషి లేని మూల ఎక్కడుంది? వాకింగ్ బృందాలు, బెంచీల మీద జంటలు, కుక్కలకు బిస్కెట్లు వేసేవాళ్లు, వీళ్లందర్నీ కనిపెట్టి చూసే సెక్యూరిటీ. ఇక్కడ దొంగచాటుగా తిరిగితేనే ఎక్కువ అనుమానం వస్తుంది. నా అనుభవంలో నిజం చెప్పడమే పనిచేస్తుంది. ఒకసారి ఒక పార్కులో బెంచీ కింద తొంగిచూస్తుంటే గార్డు వచ్చి, “ఏన్ సార్ హుడుక్తా ఇద్దీరా?” అన్నాడు, ఏం వెతుకుతున్నారని. నా కన్నడం రెండు మాటలు వినగానే, “తెలుగోళ్లా సార్?” అని నవ్వాడు. మదనపల్లె ఆయన.

“ఇదొక ఆట అన్నా. ఎవరో చిన్న డబ్బీ దాచిపెట్టారు, ఫోన్లో గుర్తు చెప్పారు, వెతుకుతున్నాం.”

“దొరికితే ఏమిస్తారు?”

“ఏమీ ఇవ్వరు. పేరు రాసి మళ్లీ అక్కడే పెట్టేస్తాం.”

ఆయన మా ఇద్దర్నీ కాసేపు చూశాడు. “దీనికి ఇంత పొద్దన్నే వచ్చినారా?” అన్నాడు. ఆ తర్వాత తన కర్రతో ఎండుటాకులు తోసి వెతకడం మొదలుపెట్టింది ఆయనే.

అయితే అందరు గార్డులూ అలా ఉండరు, ఉండాలని కోరుకోకూడదు కూడా. దిక్కులేని పొట్లం కనిపిస్తే పోలీసులకు చెప్పమని ఊరంతా బోర్డులున్న కాలం ఇది. అమెరికాలో ఈ ఆట ఆడేవాళ్లు సైన్యం వాడే తూటాల పెట్టెల్ని కొని డబ్బాలుగా వాడటం మామూలు. మన దగ్గర అలాంటిది కలలో కూడా వద్దు. లోపలేముందో కనిపించే పారదర్శక డబ్బా, పైన ‘జియోక్యాష్, ప్రమాదం లేదు’ అని రాసిన చీటీ, వైర్లూ టేపు చుట్టలూ లేకపోవడం, కనీసం ఇవి పాటించాలి. రైలు పట్టాలు, స్కూళ్లు, విమానాశ్రయం, సైన్యం స్థలాల ఛాయలకు పోకూడదు. బెంగళూరులో సైన్యం భూములు ఎక్కడపడితే అక్కడున్నాయి కాబట్టి దాచేముందు గోడ మీద బోర్డులు చదవండి.

ఇప్పుడు మర్యాదల సంగతి. అన్నిటికన్నా విలువైన లాగ్ ‘దొరికింది’ కాదు, ‘దొరకలేదు’. ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో డీఎన్‌ఎఫ్. ఇది రాయడానికి మనవాళ్లకి మహా మొహమాటం. గంటసేపు వెతికి ఖాళీ చేతులతో వచ్చామని నలుగురికీ ఎందుకు చెప్పాలి అనుకుంటారు. చెప్పాలి. ప్రాగ్ లాంటి ఊళ్లో ఒక డబ్బా పోతే వారంలో పదిమంది రాస్తారు. ఇక్కడ ఒక డబ్బా దగ్గరికి నెలల తరబడి ఎవరూ వెళ్లకపోవచ్చు. మీరు రాయకపోతే డబ్బా దాచిన యజమానికి తెలియదు, తర్వాతివాడు ఎలక్ట్రానిక్ సిటీ నుంచి హెబ్బాళ దాకా వచ్చి ఉత్తినే తిరిగి పోతాడు. ‘చెట్టు మొదట్లో చూశాను, కమ్మీలు చూశాను, కొత్తగా సిమెంటు పోశారు’ అని రెండు వాక్యాలు రాస్తే చాలు. అయితే దొరికినప్పుడు మాత్రం ‘ఎడమ పక్క మూడో రాయి కింద ఉంది’ అని రాయకూడదు, ఫొటో పెట్టకూడదు. వెతికే సరదా తర్వాతివాళ్లకీ మిగలాలి. నేను కూడా ఇక్కడ ఏ డబ్బా ఎక్కడుందో చెప్పకపోవడానికి కారణం అదే.

నాకు ఒళ్లు మండే అలవాటు ఒకటుంది. వెతికారు, దొరకలేదు, దొరకలేదని రాయడం ఇష్టం లేదు. దాంతో జేబులోని మందుబిళ్లల డబ్బీలో ఒక కాగితం పెట్టి, అక్కడే పడేసి, ‘డబ్బా పోయింది, కొత్తది పెట్టి సాయం చేశాను’ అని ‘దొరికింది’ లాగ్ కొట్టేస్తారు. దీన్ని త్రోడౌన్ అంటారు. ఊరి బయట ఒక గుట్ట మీద ఇలాగే జరిగింది. పాత డబ్బా ఎక్కడికీ పోలేదు, రెండడుగుల దూరంలో పదిలంగా ఉంది. ఆ తర్వాత వచ్చినవాళ్లు కొందరు ఇందులో, కొందరు అందులో పేర్లు రాశారు. ఎవరు నిజంగా వెతికారో, ఎవరు కాళ్ల దగ్గర పడున్నది తీశారో ఎవరికీ అంతుచిక్కలేదు. సాయం చేయాలనుంటే ముందు యజమానికి మెసేజ్ పెట్టి అడగండి. ఆయన సరేనంటేనే మార్చండి. ఇంట్లో కూర్చుని లాగ్ కొట్టేవాళ్ల గురించి చెప్పక్కర్లేదు. కాగితం మీద పేరు లేకపోతే ఆ లాగ్ తీసేసే హక్కు యజమానికి ఉంది, తీసేస్తే అలగకూడదు.

కాస్త పెద్ద డబ్బాల్లో చిన్న చిన్న వస్తువులుంటాయి. ఒకటి తీసుకుంటే దానికి సమానమైనదో మెరుగైనదో పెట్టాలి. మేము చన్నపట్నం చెక్క బొంగరాలు పెడుతుంటాం. చిల్లర నాణెం పడేసి బొమ్మకారు పట్టుకుపోయిన పెద్దమనుషులున్నారు. నంబరు చెక్కిన లోహపు బిళ్ల దొరికితే అది మార్పిడి వస్తువు కాదని గుర్తుంచుకోండి. దాన్ని ట్రాకబుల్ అంటారు. అది ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకు ప్రయాణం చేస్తుంది, దాని యజమాని ఎక్కడో కూర్చుని సైట్లో చూసుకుంటుంటాడు. తొందర్లో వేరే డబ్బాకు చేర్చగలిగితేనే తీసుకోండి. ఆ నంబరు కనిపించేలా ఫొటో మాత్రం పెట్టొద్దు.

మీరే డబ్బా దాచాలనుకుంటే ఒక నియమం తప్పదు. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలి, అంటే మైలులో పదోవంతు. నేల తవ్వి పాతిపెట్టకూడదు, స్థలం యజమాని అనుమతి ఉండాలి. జీతం లేకుండా పనిచేసే రివ్యూయర్లు చూసి ఒప్పుకున్నాకే అది అందరికీ కనిపిస్తుంది. డల్లాస్‌లో ఉండే మా బావగారు సంక్రాంతికి వచ్చినప్పుడు ముచ్చటపడి ఒకటి దాచబోయారు. ఊళ్లో లేనివాళ్లు దాస్తే చూసుకునేదెవరని రివ్యూయర్ అడిగాడు. బావగారు నా పేరు రాసేశారు. దాచిన గొప్ప ఆయనది, వానాకాలం వెళ్లాక తడిసిన కాగితాలు మార్చే పని నాది. నవ్వుతూ చెప్తున్నా గానీ ఆ నియమం న్యాయమైనదే. పండక్కి వచ్చి దాచి విమానమెక్కిన డబ్బాలన్నీ చివరికి ప్లాస్టిక్ చెత్తే. 2002 నుంచి ఈ ఆటలో ‘క్యాష్ ఇన్ ట్రాష్ అవుట్’ అని చెత్త ఏరే పద్ధతి ఒకటుంది. అలాంటి ఆటలో మనమే చెత్త వదిలిపెట్టడం ఏం బాగుంటుంది?

మన ఊళ్లకు అసలు సరిపోయే రకం ఎర్త్‌క్యాష్ అని నా అభిప్రాయం. ఇందులో డబ్బా ఉండదు. భూగర్భ విశేషం ఉన్న చోటికి వెళ్లి, రాయినో నేలనో దగ్గరగా చూసి, యజమాని అడిగిన ప్రశ్నలకు జవాబులు రాసి పంపాలి. 2004లో మొదలైంది. లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం ఉన్న బండనే తీసుకోండి. అది సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి పెనిన్సులర్ నైస్ శిల, జియలాజికల్ సర్వే దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. జనం దాని మీద కూర్చుని మరమరాలు తింటారు గానీ ఆ రాతిలో వంపులు తిరిగిన నల్ల తెల్ల చారల్ని వంగి చూసేవాళ్లు అరుదు. ఎర్త్‌క్యాషింగ్‌కి అలవాటుపడ్డాక నేను ఏ బండ మీదా ఊరికే కూర్చోలేకపోతున్నాను. డబ్బా లేదు కాబట్టి ఎవరూ ఎత్తుకుపోరు, వానకు తడవదు, పోలీసుల టెన్షన్ లేదు.

లోపాలు చెప్పాలంటే అన్నిటికన్నా పెద్దది కొరత. ప్రపంచం మొత్తం మీద 30 లక్షలకు పైగా డబ్బాలుంటే మన వాటా చాలా చిన్నది. ఊళ్లో ఉన్నవి అయిపోయాక ఊరి బయట సావనదుర్గ, స్కందగిరి కొండల వైపు చూడాల్సిందే. అటవీశాఖ దారులకు ముందే ఆన్‌లైన్లో బుక్ చేసుకోవాలి, డబ్బా కోసమని దారి వదిలి పొదల్లోకి దిగకూడదు. రెండోది, ఉచిత సభ్యత్వంలో అధికారిక యాప్ అన్ని డబ్బాలనూ చూపించదు. ప్రీమియం కట్టమంటుంది. బెంగళూరు వరకే ఆడేవాళ్లకి అది దండగ, విదేశాలకు వెళ్లే ముందు కట్టుకోండి. ఆండ్రాయిడ్ ఫోనైతే సీజియో అనే ఉచిత యాప్ కూడా ఉంది.

అన్నట్టు, అమెరికా నుంచి వచ్చే చుట్టాలకు ఒక సంగతి తప్పకుండా చెప్పండి. శాటిలైట్ ద్వారా మెసేజ్‌లు పంపే ట్రెక్కింగ్ పరికరాలు, ఇన్‌రీచ్ లాంటివి, టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలోకి తేకూడదు. విమానాశ్రయంలో పట్టుకుంటే కేసవుతుంది. ఆట కోసమే తెస్తున్నామంటే దాన్ని అమెరికాలోనే వదిలేసి రమ్మనండి. ఇక్కడ వెతకడానికి ఫోన్, ఒక పెన్ను, ఓ రెండు టూత్‌పిక్‌లు చాలు.