పొగాకు బోర్డు మీద పార్లమెంటు తనిఖీ: రికార్డుకి నాలుగు స్టార్లు, అదునుకి ఒకటిన్నర

టంగుటూరు, కొండపి, కందుకూరు, పొదిలి, కలిగిరి, డీసీ పల్లి. మన వైపు ఈ పేర్లు చెబితే ముందు గుర్తొచ్చేది వేలం కేంద్రం. ఈ కేంద్రాలు నడిపే పొగాకు బోర్డు 1975 నాటి కేంద్ర చట్టంతో పుట్టింది. 1976 జనవరి 1 నుంచి పనిచేస్తోంది, ప్రధాన కార్యాలయం గుంటూరులో. ధర పడిపోతే రైతు బోర్డుని అడుగుతాడు. బోర్డుని అడగాల్సింది ఎవరు? చట్టం ప్రకారం పార్లమెంటు. ఆ ఏర్పాటు ఇక్కడి మనిషికి ఎంతవరకు అక్కరకొస్తుందో చూద్దాం. ఇదీ మన పన్నులతో నడిచే సేవే కాబట్టి, హోటలుకీ ఫోనుకీ ఇచ్చినట్టే దీనికీ స్టార్లు ఇవ్వొచ్చు.

ముందు ఏ గడప తొక్కాలో తేల్చుకోవాలి. సగం అర్జీలు తప్పు గడపకి వెళ్లి అక్కడే ఆగిపోతాయి. వర్జీనియా పొగాకు అయితే బోర్డు వ్యవహారం, కాబట్టి పార్లమెంటు. నల్ల బర్లీ రకం పొగాకు బోర్డు వేలంలోకి రాదు. 2025లో దాని ధర కుప్పకూలినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ చేత కొనిపించింది. ఆ కొనుగోలు లెక్కలు ఎంపీని అడిగితే లాభం లేదు, ఎమ్మెల్యేని అడగాలి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌లో లీజులున్న రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ ఏపీఎండీసీ, నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లు మూడు నడిపే రాష్ట్ర విద్యుత్ కంపెనీ ఏపీపీడీసీఎల్, కరెంటు డిస్కంలు, ఇవన్నీ అసెంబ్లీ పరిధి. ఎఫ్‌సీఐ గోడౌను, ఎల్‌ఐసీ ఆఫీసు ఢిల్లీవి. నేలటూరు ప్లాంటుకి దగ్గర్లోనే ఉన్న కృష్ణపట్నం పోర్టు ప్రైవేటు యాజమాన్యంలో ఉంది కాబట్టి ప్రభుత్వ సంస్థల కమిటీలు ఏవీ దాని ఖాతా పుస్తకం తెరవవు.

ఎంపీ ఎవరన్నదీ సరిచూసుకోండి. జిల్లా గీతలు మారుతున్నా లోక్‌సభ స్థానాలు 2008 పునర్విభజన నాటివే. కొండపి, దర్శి, కనిగిరి ఒంగోలు స్థానం కిందివి. చీమకుర్తి ఉన్న సంతనూతలపాడు బాపట్లకి పోతుంది. కందుకూరు, ఉదయగిరి, ఆత్మకూరు నెల్లూరువి. నేలటూరు ఉన్న సర్వేపల్లి తిరుపతి స్థానంలో ఉంది. నెల్లూరు ఎంపీ ఆఫీసుకి పోయి నేలటూరు గురించి అర్జీ ఇస్తే తీసుకుంటారు, ముద్ర కూడా వేస్తారు. అంతకుమించి ఆశ పెట్టుకోకండి.

ఈ సేవలో బాగా పనిచేసేది ప్రశ్న. లోక్‌సభలో రోజుకి 20 నక్షత్ర ప్రశ్నలు, 230 నక్షత్రం లేనివి. నక్షత్రం ఉన్నదానికి మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలూ ఎదుర్కోవాలి. అయితే ఆ గంటలో అయిదారు ప్రశ్నలకి మించి వంతు రావడం అరుదు. మిగిలినవన్నీ రాతపూర్వక జవాబులైపోతాయి. కాబట్టి లెక్కలు కావాలనుకునేవాళ్లు నక్షత్రం కోసం పట్టుబట్టొద్దు. నక్షత్రం లేని ప్రశ్నకి వచ్చే జవాబుకి అనుబంధంగా పట్టికలు జత చేస్తారు, మనకి పనికొచ్చేది అదే.

నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. ఒక ప్రశ్న 150 మాటలు దాటకూడదు. కోర్టులో ఉన్న విషయం, రాష్ట్ర ప్రభుత్వ విషయం, సంస్థ రోజువారీ నిర్వహణ, ఈ మూడింట్లో దేని కిందకి వచ్చినా లోక్‌సభ సచివాలయం పక్కన పెట్టే అవకాశం ఎక్కువ. రైతు సంఘాల వినతిపత్రాలు బోర్లా పడేది ఇక్కడే. "ఫలానా రోజు మా బేళ్లు (పొగాకు మూటలు) ఎందుకు కొనలేదు" అంటే రోజువారీ నిర్వహణ. అదే బాధని ఇలా రాసిస్తే నిలబడుతుంది: గత మూడు సీజన్లలో ప్రకాశం, నెల్లూరు జిల్లాల వేలం కేంద్రాలకి వచ్చిన బేళ్లెన్ని, కొనేవాళ్లు లేక వెనక్కి పోయినవెన్ని, కేంద్రాల వారీగా, గ్రేడుల వారీ సగటు ధర, వేలంలో పాల్గొన్న కొనుగోలుదారుల సంఖ్య, అనుమతించిన పంటకి మించి పండిందెంత, దానిమీద వసూలు చేసిన అపరాధ రుసుమెంత. ఎంపీ పీఏకి ఇచ్చేటప్పుడు ఇదంతా ఒక్క పేజీలో ఇంగ్లీషులో ఉంటే నోటీసుగా మారడం తేలిక. పది పేజీల వినతి, వెనకాల పేపర్ కటింగులు పెట్టిస్తే కట్ట లావవుతుందంతే. ఇన్ని చేసినా నోటీసులు లాటరీలో పడతాయి. ఒకే ప్రశ్న ఇద్దరు ముగ్గురు ఎంపీల చేత వేయిస్తే ఒకటి గట్టెక్కుతుంది.

జవాబు చదవడానికీ ఓ కిటుకుంది. "(ఎ) నుంచి (డి) వరకు" అని నాలుగు ముక్కలూ కలిపి ఒకే పేరాలో చెప్పారంటే అందులో ఒకదానికి జవాబు లేదనే అర్థం. ఏది తప్పించారో వెతికి, తర్వాతి సమావేశాల్లో ఆ ఒక్కటే విడిగా అడిగించాలి. "సమాచారం సేకరిస్తున్నాం", "పరిశీలనలో ఉంది" అని రాస్తే నిరాశపడక్కర్లేదు. అలాంటి మాటలు హామీ లెక్కలోకి వస్తాయి. వాటిని మూడు నెలల్లో నెరవేర్చారా లేదా అని చూడటానికి 1953 నుంచీ ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. గడువు పొడిగించమనీ, హామీని జాబితాలోంచి తీసేయమనీ శాఖలు అడుగుతుంటాయి. అయినా పూర్తిగా మరుగున పడనివ్వని గొలుసు ఇదొక్కటే.

ప్రశ్నకి పదునున్న రోజులూ ఉన్నాయి. ఎల్‌ఐసీ పుట్టిన మరుసటి ఏడాదే, 1957లో, వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీల వాటాల్లో సుమారు రూ.1.24 కోట్లు పెట్టడం మీద ఎంపీ ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో పట్టుకున్నారు. జస్టిస్ ఛాగ్లా విచారణ జరిగింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఆ కేసులో అడిగిన మనిషి కాగితాలు ముందే చేతిలో పెట్టుకుని అడిగాడు. ఇప్పటి ప్రశ్నల్లో చాలావాటికి ఆ కసరత్తు కనబడదు.

ఇక వార్షిక నివేదిక. స్వయంప్రతిపత్తి సంస్థలు ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లో, అంటే డిసెంబరు 31 లోపు, నివేదికనీ ఆడిట్ అయిన ఖాతాలనీ సభ ముందు పెట్టాలి. ఆలస్యమైతే ఎందుకైందో చెప్పే ప్రకటన పెట్టాలి. దీన్ని కనిపెట్టుకుని ఉండేది సభ ముందుంచే పత్రాల కమిటీ. శీతాకాల సమావేశాలు ముందే ముగిస్తే నివేదిక బడ్జెట్ సమావేశాలకి జారుతుంది. కేంద్ర ప్రభుత్వ కంపెనీలదీ ఇంచుమించు ఇదే క్యాలెండరు. సెప్టెంబరు 30 లోపు వార్షిక సర్వసభ్య సమావేశం, ఆ తర్వాత మూడు నెలల్లో నివేదిక తయారు, వీలైనంత త్వరగా పార్లమెంటుకి (కంపెనీల చట్టం 2013, సెక్షన్ 394). వాటి ఆడిటర్‌ని నియమించేది ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ కాగ్. ఆడిటర్ రిపోర్టు అందాక 60 రోజుల్లో కాగ్ తన వ్యాఖ్యలు జోడించొచ్చు.

నివేదికని వెనకనుంచి చదవండి. ముందు పేజీల్లో ఫొటోలు, ఎగుమతుల లెక్కలు ఉంటాయి. అసలు సరుకు చివర్లో వచ్చే కాగ్ విడి ఆడిట్ రిపోర్టులో ఉంటుంది. "ఈ అభ్యంతరాలకు లోబడి ఖాతాలు నిజమైన పరిస్థితిని చూపుతున్నాయి" అన్న వాక్యం ముందున్న పేరాలు చూడండి. నిరుటి రిపోర్టు పక్కన పెట్టి పోల్చండి. అదే అభ్యంతరం అవే మాటల్లో రెండో ఏడు కూడా వస్తే, మొదటి ఏడు ఎవరూ పట్టించుకోలేదని అర్థం. ప్రశ్న రాయడానికి దీనికన్నా మంచి ముడిసరుకు లేదు.

కమిటీల దగ్గర చాలామంది దారి తప్పుతారు. ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ అనగానే పొగాకు బోర్డు కూడా అక్కడే అనుకుంటారు. 1964లో ఏర్పడిన ఆ కమిటీలో 22 మంది, 15 లోక్‌సభ, 7 రాజ్యసభ. పదవీకాలం ఏడాది, మంత్రులకి చోటు లేదు. అది చూసేది ప్రభుత్వ కంపెనీలనీ, ఎల్‌ఐసీ, ఎఫ్‌సీఐ లాంటి కార్పొరేషన్లనీ. వ్యాపారం వ్యాపారంలా నడుస్తోందా అని అడుగుతుంది గానీ ప్రభుత్వ విధానం జోలికీ, రోజువారీ నిర్వహణ జోలికీ పోదు. పొగాకు బోర్డు వాణిజ్య శాఖ కిందిది, కాబట్టి దాన్ని చూసేది ఆ శాఖ స్థాయీ సంఘం (శాఖ పనిని పరిశీలించే ఎంపీల కమిటీ), 21 మంది లోక్‌సభ, 10 మంది రాజ్యసభ. స్థాయీ సంఘాలు 24 అయితే అందులో 8 రాజ్యసభ అధీనంలో నడుస్తాయి, వాణిజ్యం వాటిలో ఒకటి. అందుకే లోక్‌సభ పేజీలో ఎంత గాలించినా దాని నివేదికలు దొరకవు. పార్లమెంటు వెబ్‌సైటు సంసద్ డాట్ ఇన్‌లో రాజ్యసభ వైపు తిరిగి, కమిటీలు, వాణిజ్యం అని నొక్కాలి. గ్రాంటుల పద్దుల (శాఖ ఖర్చుల ప్రతిపాదనల) మీద ఏటా బడ్జెట్ సమావేశాల్లో ఇచ్చే నివేదిక ముందు చూడండి.

మరో ముచ్చట. పొగాకు బోర్డు సభ్యుల్లోనే ముగ్గురు ఎంపీలు ఉంటారు, ఇద్దరు లోక్‌సభ నుంచి, ఒకరు రాజ్యసభ నుంచి. కాపలా వాడినే ఇంటి మనిషిగా కూర్చోబెట్టడమని కొందరంటారు. మా లెక్కలో ఇది మంచిదే, బోర్డు సమావేశంలో ఏం నిర్ణయించారో అడగడానికి మనిషి దొరుకుతాడు. మీ ఎంపీ అందులో ఉన్నాడో లేడో ముందు కనుక్కోండి, ఉంటే సభలో ప్రశ్నకన్నా అదే దగ్గర దారి.

వెబ్‌సైటు సంగతి చెప్పుకుంటే, ప్రశ్నల పేజీలో శాఖ, సభ్యుడు, సమావేశం, విషయం, ఇలా జల్లెడ పట్టే వీలుంది. శాఖ దగ్గర కామర్స్ అండ్ ఇండస్ట్రీ పెట్టి, విషయం దగ్గర టొబాకో అని కొట్టండి. ఆరోగ్య శాఖని వదిలేయకపోతే సిగరెట్టు హెచ్చరికల ప్రశ్నలన్నీ మీద పడతాయి. జవాబులు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటాయి. సభలో తెలుగులో మాట్లాడొచ్చు గానీ, జవాబు కాగితం తెలుగులో రాదు. ఇక్కడ ఒక స్టారు కోత.

అసలు లోపం అదును. వర్జీనియా నాట్లు అక్టోబరు, నవంబరు. వేలం ఫిబ్రవరి, మార్చిలో మొదలై ఎండాకాలం దాటి నడుస్తుంది. ఏప్రిల్లో ధర పడితే జవాబు వచ్చేది సాధారణంగా జులైలో మొదలయ్యే వర్షాకాల సమావేశాల్లో. ఆ సీజన్ లెక్కలున్న వార్షిక నివేదిక ఇంకా వెనక. అప్పటికి బేలు అమ్ముడై, అప్పు వడ్డీతో సహా తీరి (లేదా తీరక) ఉంటుంది. అందుకని ఈ సేవని ఈ ఏటి ధర కోసం వాడొద్దు. బోర్డు పంట పరిమాణం ఖరారు చేసేది నాట్లకి ముందు. వర్షాకాల సమావేశాల్లో పడే ప్రశ్న దాని గురించి ఉండాలి: ఎంత పంటకి అనుమతిస్తున్నారు, కొనుగోలుదారులు ఇచ్చిన అవసరాల అంచనా ఎంత, నిరుడు అంచనాకీ కొన్నదానికీ తేడా ఎంత. దానికి మే నెలాఖరుకే ఎంపీ ఆఫీసులో కాగితం చేరాలి.

అసెంబ్లీ వైపు క్లుప్తంగా. ప్రభుత్వ రంగ సంస్థల కమిటీలో 12 మంది, 9 ఎమ్మెల్యేలు, 3 ఎమ్మెల్సీలు. కంపెనీల చట్టం సెక్షన్ 395 ప్రకారం రాష్ట్ర కంపెనీల నివేదికలూ సభ ముందుకి రావాలి. నేలటూరు గురించో గ్రానైటు గురించో తెలుసుకోవాలంటే కాగ్ వెబ్‌సైటులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ రంగ సంస్థల రిపోర్టు తెరిచి, చివరి అనుబంధాల్లో ఖాతాలు బకాయి ఉన్న కంపెనీల పట్టిక చూడండి. ఖాతాలే తేలని కంపెనీని ఏ కమిటీ అయినా ఏమడుగుతుంది? డిస్కంల విషయంలో అసెంబ్లీకన్నా విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ పదునైనది, అభ్యంతరం ఎవరైనా నేరుగా రాసి పంపొచ్చు.

ఒక్క మనిషి గోడుకి ఇవేవీ కావు, సమాచార హక్కే దారి. పొగాకు బోర్డు లాంటి కేంద్ర సంస్థకి 10 రూపాయలు. రాష్ట్రంలో గ్రామ స్థాయికి ఉచితం, మండలానికి 5, ఆ పైన 10. జవాబుకి 30 రోజులు. ఇవ్వకపోతే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు. కొనుగోలుదారుల వివరాలు అడిగితే వ్యాపార రహస్యమంటూ సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(డి) చూపించొచ్చు. అప్పుడు పేర్లు వదిలేసి సంఖ్యలు అడగండి. అవే సంఖ్యలు పార్లమెంటు జవాబులో ఎప్పుడో వచ్చి ఉంటే దాన్ని జత చేయండి, కాదనడం కష్టం. జత చేసేటప్పుడు సభ పేరు, సమావేశం, తేదీ, ప్రశ్న సంఖ్య నాలుగూ రాయాలి. సంఖ్య ఒక్కటే రాస్తే ఎవరికీ దొరకదు, ఎందుకంటే ప్రతి సమావేశానికీ ప్రశ్నల వరస మళ్లీ ఒకటి నుంచే మొదలవుతుంది.