10×50 బైనాక్యులర్స్: మా గుట్ట మీది వెలుగేంటో చూద్దామని కొన్నాను

పక్షుల కోసమో క్రికెట్ కోసమో కొన్నది కాదు ఇది. మాది దేవరకొండ దగ్గర ఊరు. ఈ యాసంగిలో రాత్రిపూట వరికి నీళ్లు పెట్టడానికి పోయినవాళ్లకి పడమటి గుట్ట మీద ఒక పెద్ద వెలుగు కనిపించడం మొదలైంది, చప్పుడు లేదు, మినుకుమినుకు లేదు, తొమ్మిదిన్నర దాటాక మెల్లగా గుట్ట వెనక్కి దిగిపోయేది. సాగర్ డ్యామ్ కాడ తిప్పే డ్రోన్ అని ఒకరు, మిలిటరీదని ఇంకొకరు, చివరికి మా అమ్మ నాయినని రాత్రి బావి కాడికి పోవద్దని అడ్డం పడే దాకా వచ్చింది. మడి ఎండితే ఎట్లా? ఆన్‌లైన్‌లో నాలుగు వేల చిల్లర పెట్టి తెప్పించాను.

10 అంటే పది రెట్లు పెద్దగా చూపిస్తుంది, 50 అంటే ముందు అద్దం వెడల్పు 50 మిల్లీమీటర్లు. రాత్రికి కొనేవాళ్లు ఆ రెండో అంకె చూడండి, వెలుతురు పట్టేది అదే.

మొదటి రాత్రి చేత్తో పట్టుకుని చూస్తే వెలుగు మిణుగురులా ఎగిరింది, ఏమీ తెలియలేదు. రెండో రాత్రి మోటారు గది గోడ మీద మోచేతులు ఆనించి, కుడి కన్ను మూసి మధ్య చక్రం తిప్పి, తర్వాత ఎడమ కన్ను మూసి కుడి కంటి దగ్గరి రింగు తిప్పాను (ఈ పద్ధతి డబ్బాలోని కాగితంలో లేదు, ఉండాల్సింది). అప్పుడు నిలబడింది. చిన్న గుండ్రటి బిళ్ల, దాని పక్కన ఒకే గీత మీద మూడు సన్నటి చుక్కలు, ఒకవైపు రెండు, అవతల ఒకటి. మర్నాడు ఆ చుక్కలు చోట్లు మారాయి. గురుగ్రహం, దాని చందమామలు! నాయిన చాలాసేపు చూసి "ఇది చుక్కనేరా" అన్నాడు, ఆ రాత్రి నుంచి మళ్లీ బావి కాడికి పోతున్నాడు.

చూడటంతో ఆగకుండా టైమ్ కూడా రాసుకున్నాను, లడఖ్ సంగతి చదివి ఉన్నాను కాబట్టి. 2012లో పాంగాంగ్ సరస్సు వైపు మన సైనికులకు పసుపు వెలుగులు కనిపించాయి, చైనా వైపు నుంచి లేచి గంటల తరబడి ఆకాశంలో పోయేవి. రాడార్‌కు అందలేదు. డ్రోన్లేమోనని సైన్యం వందల సార్లు నమోదు చేసింది, ఆఖరికి బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్లని పిలిచింది. ఆ వెలుగులు నక్షత్రాలతో పోలిస్తే ఎట్లా కదులుతున్నాయో చూసి, అవి గురుడు, శుక్రుడు అని వాళ్లు తేల్చారు, 2013లో పేపర్లలో వచ్చింది. సరిహద్దులో కాపలా ఉన్నవాళ్ల టెన్షన్ నేను తప్పు పట్టను, అక్కడ ప్రతి వెలుగునీ అనుమానించాల్సిందే. నా లెక్కలో మా వెలుగు రోజుకు మూడు నాలుగు నిమిషాల ముందుగా గుట్ట దిగుతోంది, చుట్టూ ఉన్న చుక్కలతో పాటే. డ్రోన్ అట్లా దిగదు.

లోపాలు ఉన్నాయి. బాగా వెలిగే వాటి చుట్టూ ఊదా అంచు వస్తుంది. పట్టీ సన్నగా ఉండి అరగంటకే మెడ కోస్తుంది. ట్రైపాడ్‌కి బిగించే ముక్క ఇవ్వలేదు, పేజీలో మాత్రం ట్రైపాడ్ మీద ఉన్న ఫోటో పెట్టారు, ఇది నాకు నచ్చలేదు, ఒక స్టార్ అందుకే తగ్గించాను. పిల్లలకిస్తే పగలు సూర్యుడి వైపు తిప్పకుండా పక్కనే ఉండండి, కళ్లు పోతాయి.

ఐదుకి నాలుగు. పిల్లలకోడిని (కృత్తిక చుక్కల గుంపు) చూడండి దీంతో, కంటికి ఆరేడు చుక్కలు ఉండేచోట గుప్పెడు రవ్వలు పోసినట్టు ఉంటుంది. నేను ఊరి నుంచి తిరిగి వచ్చేటప్పుడు అడిగితే నాయిన ఇవ్వలేదు, మోటారు గది గూట్లో టార్చ్‌లైట్ పక్కన పెట్టుకున్నాడు.