ఇన్వర్టర్‌కి లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ: వాడి చూశాక నా అభిప్రాయం

పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ చేతులెత్తేశాక, ఇన్వర్టర్‌కి 12.8 వోల్టుల, 100 యాంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టించాను. కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకి ముందే చెప్పేస్తాను. బ్యాటరీ లోపలి సరుకుకి నూటికి నూరు మార్కులు. అయితే దాన్ని ఇన్వర్టర్‌తో ఎలా కలపాలో అమ్మినవాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు. నా కోపమంతా అక్కడే.

పాతది జరపాలంటే ఇద్దరు కావాలి. ఇది నేనొక్కరినే ఎత్తి స్టాండ్ మీద పెట్టాను. డిస్టిల్డ్ వాటర్ పోసే పని లేదు, టెర్మినల్స్ చుట్టూ తెల్లటి పొడి పేరుకోదు. పాత బ్యాటరీ మీద 150 అని ఉండేది కదా, 100 సరిపోతుందా అని చాలామంది అడుగుతున్నారు. సరిపోతుంది. లెడ్ యాసిడ్‌ని రోజూ సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు తగ్గిపోతుంది, కాబట్టి 12 వోల్టుల్ని 150తో గుణించి లెక్కకి 1800 వాట్ అవర్లున్నా నిశ్చింతగా వాడుకునేది 900. దీనిలో 12.8ని 100తో గుణిస్తే వచ్చే 1280లో ఎనభై శాతం వాడినా వెయ్యి దాటుతుంది.

నాకు బాగా నచ్చింది వోల్టేజీ. కరెంటు పోయినప్పుడు మల్టీమీటర్ పెట్టి చూస్తూ కూర్చున్నాను. ఫ్యాన్, లైట్లు, రౌటర్ నడుస్తున్నాయి, మీటర్ 13.1 దగ్గరే ఉంది. చాలాసేపటికి 13.0. డిశ్చార్జ్ అవుతున్నప్పుడు పాజిటివ్ ఎలక్ట్రోడ్‌లో లిథియం ఉన్న ఫాస్ఫేట్, లిథియం లేని ఫాస్ఫేట్ పక్కపక్కనే ఉంటాయి. వాటి పాళ్లు మారతాయి తప్ప వోల్టేజీ పెద్దగా కదలదు. చివర్లో మాత్రం 12.8 దాటి కిందికి వచ్చిందంటే ఇక జారిపోవడమే.

సమస్య కూడా ఇక్కడే ఉంది. నా ఇన్వర్టర్ వోల్టేజీని చూసి బార్లు చూపిస్తుంది, అదీ లెడ్ యాసిడ్ లెక్కన. దాదాపు చివరిదాకా అన్ని బార్లూ వెలుగుతూనే ఉంటాయి, తర్వాత బీఎంఎస్, అంటే లోపలి రక్షణ సర్క్యూట్, ఉన్నట్టుండి కట్ చేసేస్తుంది. కంప్యూటర్‌లో పని మధ్యలో ఇలా జరిగితే ఎంత చిరాకో! లోపలికీ బయటికీ వెళ్లే కరెంటుని లెక్కగట్టే యాప్ ఈ బ్యాటరీతో వచ్చింది కాబట్టి సరిపోయింది. యాప్ లేని మోడల్ అయితే నేను కొనొద్దనే అంటాను.

చార్జింగ్ మరీ ముఖ్యం. ఈ బ్యాటరీ లోపల వరసగా కలిపిన నాలుగు సెల్స్ ఉంటాయి. ఒక్కో సెల్‌కి 3.65 వోల్టులు హద్దు, నాలుగింటికి కలిపి 14.6. ట్యూబులర్ మోడ్‌లోనే, అంటే లెడ్ యాసిడ్ సెట్టింగ్‌లోనే వదిలేస్తే కొన్ని ఇన్వర్టర్లు ఈక్వలైజ్ (లెడ్ యాసిడ్ సెల్స్‌ని సమానం చేయడానికి ఎక్కువ వోల్టేజీతో చేసే చార్జింగ్) పేరుతో 15 దాకా నెడతాయి. మొదటిసారి ఫుల్ చార్జ్ చేసినప్పుడు యాప్‌లో చూస్తే మూడు సెల్స్ 3.45 దగ్గరున్నాయి, నాలుగోది 3.65కి ఎగిరింది, చార్జింగ్ ఆగిపోయింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "ఫుల్ అని చూపిస్తే ఫుల్లే అండీ" అని పెట్టేశారు. ఈక్వలైజ్ ఆపేసి, చార్జింగ్‌ని 14.2కి తగ్గించి, నిండాక కూడా కాసేపు అలాగే ఉంచడం మొదలుపెట్టాను. ముందు నిండిన సెల్‌లోని మిగులుని బీఎంఎస్ చిన్న రెసిస్టర్‌లో కొద్దికొద్దిగా ఖర్చు చేస్తుంది. అది నెమ్మదైన పని. కొన్ని వారాలకి నాలుగూ ఒక వరసకి వచ్చాయి.

ఇంట్లో పెట్టుకోవడానికి భయం లేదా అంటే, లిథియంలో నేను నమ్మేది దీన్నే. ఫాస్ఫరస్, ఆక్సిజన్ల మధ్య బంధం గట్టిది, వేడెక్కినా ఆక్సిజన్ సులువుగా విడిపోదు. కోబాల్ట్ ఆక్సైడ్ రకాల్లో ఆ ఆక్సిజనే మంటకి తోడవుతుంది. అలాగని దీనికి నిప్పు అంటుకోనే అంటుకోదని కాదు. ఎలక్ట్రోలైట్ మండే ద్రవమే, కాబట్టి షార్ట్ సర్క్యూట్‌తో చెలగాటం వద్దు. 1997లో శాస్త్రవేత్త జాన్ గుడినఫ్ బృందం టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఈ పదార్థాన్ని ముందుకు తెచ్చినప్పుడు దీనిలో ఎలక్ట్రాన్లు సరిగా కదలవనేదే పెద్ద లోపం. రేణువుల్ని సన్నగా చేసి, పైన కార్బన్ పూత వేశాక దారికొచ్చింది. ఇంత శ్రమతో తయారైన పదార్థాన్ని చేతిలో పెడుతూ సెట్టింగుల కాగితం ఒక్కటి ఇవ్వకపోవడం నాకు మింగుడుపడటం లేదు.

ఇన్వర్టర్‌లో లిథియం మోడ్ గానీ, చార్జింగ్ వోల్టేజీ మార్చుకునే వీలు గానీ ఉంటే ధైర్యంగా కొనండి. రెండూ లేకపోతే ముందు ఇన్వర్టర్ సంగతి చూసుకోండి. గడ్డకట్టే చలి ఉండే చోట్లవాళ్లు సున్నా డిగ్రీల కింద చార్జింగ్‌ని ఆపే రక్షణ ఉందో లేదో అడిగి తీసుకోండి. ఆ చలిలో చార్జ్ చేస్తే నెగటివ్ ఎలక్ట్రోడ్‌లోని గ్రాఫైట్ మీద లిథియం లోహంగా పేరుకుంటుంది, సెల్ పాడవుతుంది. బ్యాటరీకి అయిదుకి అయిదు, మాన్యువల్‌కి ఒకటి.